చందాదారు, సభ్యుడు: విజ్ఞాన చంద్రికా మండలి నిర్వహణ రీతిపై ఒక పరిశీలన

విజ్ఞాన చంద్రికా మండలి ప్రస్తావన లేకుండా ఆధునిక తెలుగు వచన చరిత్ర రాయడం సాధ్యం కాదు. 1906లో హైదరాబాదులో స్థాపన, 1908లో మద్రాసుకు తరలింపు, కొమర్రాజు వేంకట లక్ష్మణరావు సంపాదకత్వం, ఆపైన గ్రంథాల పట్టిక: సాధారణంగా ఈ వరుసలోనే ఆ ప్రస్తావన సాగుతుంది. వ్యక్తులకు కృతజ్ఞత దక్కింది, పుస్తకాలకు ప్రశంస దక్కింది. మండలి ఒక సంస్థ అన్న సంగతి మాత్రం పక్కకు జరిగిపోయింది. సంస్థ అన్న తరువాత ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు ఖర్చు భరిస్తారు, భరించినవారికి ఏ హక్కు లభిస్తుంది, నిర్ణయించేవారు లేనినాడు పని ఎవరి చేతికి వెళుతుంది అన్న ప్రశ్నలు తప్పవు. తెలుగులో విజ్ఞానశాస్త్ర వచనం అంత ఉత్సాహంగా మొదలై కొద్దికాలానికే ఎందుకు తడబడిందో తెలియాలంటే పుస్తకాల గుణదోషాలకంటే ముందు ఈ ప్రశ్నలనే తరచి చూడాలి. మండలి బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి. అది సంపాదకుడి చేతిమీద నడిచిన సంస్థ. పాఠకుడు దాని కథలో చందాదారుగా కనబడతాడు గాని, నిర్ణయాల్లో పాలుపంచుకునే సభ్యుడిగా కనబడడు.

పేరు దగ్గరే ఆగి చూడవలసిన విషయాలు ఉన్నాయి. ‘చంద్రిక’ అన్న మాట తెలుగు పాఠకుడికి వెంటనే చిన్నయసూరి నీతిచంద్రికను గుర్తు చేస్తుంది. 1853లో వెలువడిన ఆ గ్రంథం పాఠశాలల్లో వచనానికి ఒరవడి అయింది. అరశతాబ్దం గడిచాక నీతి స్థానంలో విజ్ఞానం వచ్చి చేరింది. వెన్నెల చంద్రుడి సొంత వెలుగు కాదు. మండలి ప్రకటించిన ప్రకృతి శాస్త్ర గ్రంథాలకు కూడా వెలుగు పశ్చిమ దేశాల శాస్త్రం నుంచి వచ్చింది. పేరు పెట్టినవారు ఆ అర్థంలో పెట్టారని కాదు గాని, పేరు మాత్రం నిజమే చెప్పింది. ఇక ‘మండలి’ అన్న మాట. అదే కాలంలో తెలుగువారు పెట్టుకున్న సంస్థల పేర్లలో నిలయం ఉంది, సమాజం ఉంది, 1911లో మద్రాసులో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తుతో పరిషత్తు వచ్చింది. నిలయానికి గది, బీరువా, తలుపులు కావాలి. పరిషత్తుకు సభ్యులు కూర్చునే వరుసలు కావాలి. మండలానికి కావలసింది మధ్యబిందువు. లక్ష్మణరావు ఆ మధ్యబిందువు అయ్యారు.

స్థాపకుల్లో లక్ష్మణరావుతో పాటు రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు ప్రముఖులు. లక్ష్మణరావు మునగాల సంస్థానానికి దివాను. ఆ సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావు ప్రోత్సాహం ఈ పనులన్నిటికీ అండగా నిలిచింది. మునగాల పరగణా పాలనరీత్యా కృష్ణా జిల్లాకు చెందినా చుట్టూ నిజాం రాజ్యమే. రెండు రాజ్యాల మధ్య నిలిచిన ఆ స్థితి మండలి స్వభావంలోకి కూడా ప్రవేశించింది. 1901లో రావిచెట్టు రంగారావు ఇంట ప్రారంభమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెనుకా దాదాపు ఈ మిత్రబృందమే ఉంది. అంటే మండలికి పునాది పరిచయం, స్నేహం, పరస్పర విశ్వాసం. నియమావళి అవసరం తోచనంత సాన్నిహిత్యం వారి మధ్య ఉంది. అప్పటి చట్టపు పరిస్థితి కూడా దానికి అనుకూలించింది. సంఘాల నమోదుకు 1860లో చేసిన చట్టం బ్రిటిషు ఇండియాది. నిజాం ప్రభుత్వ పాలనలోని భూభాగానికి అది వర్తించదు. హైదరాబాదులో నలుగురు పెద్దమనుషుల మాటే ఒక సంఘానికి శాసనం.

ఆ నలుగురి జీవితాలు ఆ తరువాత ఎలా మలుపు తిరిగాయో చూస్తే ఈ పునాది ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. మండలి తొలి ప్రచురణ 1907లో వచ్చిన అబ్రహాము లింకను చరిత్ర. దాని రచయిత హరిసర్వోత్తమరావు. ఆ మరుసటి ఏడాదే బెజవాడ స్వరాజ్య పత్రికలోని రాతకు ఆయన రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్లారు. రావిచెట్టు రంగారావు 1910లో మరణించారు. విజ్ఞాన ప్రచారానికి పూనుకున్న సంస్థ ఒక గణతంత్ర దేశాధ్యక్షుడి జీవితంతో ప్రారంభం కావడం యాదృచ్ఛికం కాదు. ఆ తరానికి శాస్త్రమూ స్వాతంత్ర్యమూ ఒకే చదువులోని రెండు పాఠాలు. అయితే ఎన్నికతో అధికారం పొందినవాడి కథను మొదటి పుస్తకంగా అచ్చువేసిన మండలికి తనలో ఎన్నిక అన్న ఊహ ఉన్నట్టు ఆ ప్రచురణల వరుస సూచించదు. స్థాపకుల్లో కాళేశ్వరరావు అర్ధశతాబ్దం తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయ్యారన్నది చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

ఈ స్థితిని అంచనా వేయడానికి సమకాలీన సంస్థలు కొన్ని కొలబద్దలుగా ఉపయోగపడతాయి. ఏడవ ఎడ్వర్డు ఏలిన 1901–1910 మధ్య లండనులోని రాయల్ సొసైటీకి విలియం హగ్గిన్స్, లార్డ్ రేలీ, ఆర్చిబాల్డ్ గైకీ వరుసగా అధ్యక్షులు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ జరిగిన సంస్కరణతో ఏటా 15 మందిని మాత్రమే ఫెలోలుగా ఎన్నుకోవడం అక్కడ నియమమయింది. సంస్థకు హోదా, శాశ్వతత్వం ఆ నియమం వల్లనే వచ్చాయి. అదే నియమం తలుపు మూయడానికీ పనికివచ్చింది. విద్యుత్తుపై పరిశోధించిన హెర్తా అయర్టన్ పేరు 1902లో ప్రతిపాదనకు వచ్చినప్పుడు, వివాహిత స్త్రీ ఫెలోగా ఎన్నిక కావడానికి సంస్థ చార్టరు ఒప్పుకోదన్న న్యాయసలహా మీద ఆమెను నిరాకరించారు. 1904లో ఆమె తన పత్రాన్ని ఆ సభలో స్వయంగా చదివారు, 1906లో హ్యూస్ పతకం అందుకున్నారు. పతకానికి అర్హురాలైన వ్యక్తి సభ్యత్వానికి కాలేకపోయారు. నియమావళి ఉన్నంత మాత్రాన న్యాయం ఉంటుందని అనుకోవడానికి వీలులేదని ఈ ఒక్క ఉదంతమే చాలు. లక్ష్మణరావు సోదరి, అబలా సచ్చరిత్ర రత్నమాల రచయిత్రి భండారు అచ్చమాంబ మండలి పుట్టకముందే, 1905లో మరణించారు. ఆమె బతికి ఉంటే ఆ మిత్రబృందపు వలయం ఆమెకు ఏ స్థానం ఇచ్చి ఉండేదన్న ప్రశ్న రాకమానదు. నియమాలు లేనిచోట నిరాకరణ లిఖితంగా ఉండదు, ఆహ్వానమూ ఉండదు.

రెండవ కొలబద్ద తెలుగు నేలమీదే ఉంది. తెలుగు సాహిత్య చరిత్రకారుల దృష్టి దానిమీద పడకపోవడానికి అది ఇంగ్లీషులో నడవడం ఒక్కటే కారణం. అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యరు 1907 ఏప్రిల్ 4న సుమారు ఇరవైమంది మిత్రులతో ‘అనలిటిక్ క్లబ్’ను స్థాపించారు. ఐరోపా గణిత పత్రికలను, గ్రంథాలను ఒంటరిగా కొనలేనివారు ఉమ్మడిగా తెప్పించుకోవడం దాని తొలి ప్రయోజనం. పేరు త్వరలోనే ‘ఇండియన్ మ్యాథమెటికల్ క్లబ్’ అయింది. మద్రాసు ఇంజనీరింగు కళాశాల ఆచార్యుడు బి. హనుమంతరావు తొలి అధ్యక్షుడు. గ్రంథాలయం పూనా ఫెర్గూసన్ కళాశాలలో నెలకొంది. 1909లో పత్రిక మొదలైంది. 1910లో కొత్త నియమావళి ఆమోదించుకొని ‘ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ’ అయింది. గుత్తి ఊరి నుంచి బయలుదేరినా స్థాపకుడు గుత్తిని పట్టుకొని కూర్చోలేదు. అధ్యక్షుడు మద్రాసులో, పుస్తకాలు పూనాలో, పత్రికా సంపాదకుడు ఎం.టి. నారాయణ అయ్యంగారు బెంగుళూరులో. అధికారం పంచితే సంస్థ చెదిరిపోతుందన్న భయం అక్కడ కనబడదు. 1911లో ఆ పత్రికలోనే శ్రీనివాస రామానుజన్ తొలి వ్యాసం అచ్చయింది. ఆయన పద్ధతి కొత్తదనీ, చెప్పే తీరులో స్పష్టత చాలదనీ, మామూలు పాఠకుడు అందుకోవడం కష్టమనీ సంపాదకుడే అన్నారు. అయినా రచన రచయితదిగానే మిగిలింది. ఆ సంఘం నేటికీ ఉంది.

గుత్తి క్లబ్బుకూ మండలికీ పోలిక పూర్తిగా సమంజసం కాదన్న ఆక్షేపణ న్యాయమైనదే. గుత్తి సంఘంలో చదివేవాడూ రాసేవాడూ ఒకడే. సభ్యులందరూ గణితం తెలిసినవారు, ఇంగ్లీషు చదివినవారు, ఎక్కువమంది ఉద్యోగులు. మండలి తలపెట్టిన పని దానికి తలకిందులు. తెలియనివారికి తెలియజెప్పడం దాని లక్ష్యం. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రాన్నో, వేమూరి విశ్వనాథశర్మ రసాయన శాస్త్రాన్నో, మంత్రిప్రెగడ సాంబశివరావు పదార్థ విజ్ఞాన శాస్త్రాన్నో తీసుకున్న పాఠకుడికి ఆ విషయంలో ఓటు ఇచ్చి ఏం చేయమనాలి? తెలియని విద్యను నేర్చుకోవడానికి వచ్చినవాడు గురువును ఎన్నుకోలేడు. ఈ వాదంలో బలం ఉంది. అయితే పాఠకుడికి ఓటు ఇవ్వలేకపోవడం వేరు, రాసేవారికి కూడా కలిసి కూర్చునే చోటు లేకపోవడం వేరు. వైద్యుడు, రసాయనం రాసినవాడు, భౌతికం రాసినవాడు ఒక్కొక్కరుగా సంపాదకుడి దగ్గరికి వచ్చి వెళ్లారు. వారి మధ్య సంభాషణను సంస్థాగతం చేసిన ఏర్పాటు ఆ గ్రంథాల్లో జాడ చూపదు. మండలంలోని రేఖలన్నీ కేంద్రాన్ని తాకుతాయి, ఒకదానినొకటి తాకవు.

దీని ఫలితం పరిభాషలో చూడాలి. శాస్త్రం అన్న పదమే శాసించడం అన్న ధాతువు నుంచి వచ్చింది. పదాన్ని నిర్ణయించడం పాలనలో భాగం. కాశీ నాగరీ ప్రచారిణీ సభ విజ్ఞానశాస్త్ర పదాల కోశాన్ని పలువురు విద్వాంసుల సమష్టి కృషిగా సిద్ధం చేసి, మండలి పుట్టిన 1906లోనే ప్రకటించింది. వంగీయ సాహిత్య పరిషత్తు పరిభాషా చర్చను తన పత్రికలోకి తెచ్చింది. హైదరాబాదులోనే 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఏర్పడిన అనువాద కేంద్రం దారుల్ తర్జుమా ఉర్దూ పారిభాషిక పదాలను సంఘాల ద్వారా నిర్ణయించింది. దాని వెనుక రాజ్యం డబ్బూ ఆజ్ఞా ఉన్నాయి. తెలుగుకు రాజ్యం లేదు, సంఘమూ లేదు. సంపాదకుడి అభిరుచి ఉంది. ఆ అభిరుచి గొప్పది కావడం తెలుగు అదృష్టం. మరాఠీలో ఆరితేరిన లక్ష్మణరావుకు సంస్కృత పదాల నుంచి కొత్త మాటలు కూర్చడంలో ఉన్న నేర్పు మండలి గ్రంథాల సరళ గ్రాంథికానికి నిగ్గు తెచ్చింది. వాక్యం పొట్టిగా, అన్వయం సూటిగా ఉండే ఆ వచనం నీతిచంద్రిక వారసత్వాన్ని బరువు తగ్గించి మోసింది. కాని పదం నిలవడానికి రాసినవాడి నేర్పు చాలదు, వాడేవారి అంగీకారం కావాలి. ఫిజిక్సుకు ‘పదార్థ విజ్ఞానం’ అన్న మాట మండలి పుస్తకానికి శీర్షిక అయింది. తరువాతి తరాల పాఠ్యపుస్తకాలు ‘భౌతిక శాస్త్రం’ అన్నాయి. రెండింటిలో ఏది మేలన్నది వేరే చర్చ. ‘పదార్థ విజ్ఞానం’ ఓడిపోయిన చర్చ ఏదీ జరగలేదన్నదే అసలు విషయం. అది ఓడలేదు, జారిపోయింది.

చందాదారు వైపు నుంచి చూస్తే ఈ కథ మరో రూపం దాలుస్తుంది. శాశ్వత చందాదారుల పద్ధతి తెలుగు ప్రచురణకు మండలి చేసిన పెద్ద మేలు. జమీందారు కానుక కోసం కృతి అంకితం చేసే పాత ఆచారాన్ని అది పక్కకు నెట్టింది. గుర్తెరగని వందలమంది కొద్దికొద్దిగా చెల్లించే డబ్బుతో పుస్తకం అచ్చయ్యే మార్గాన్ని చూపింది. ఆ విధంగా చందాదారు పోషకుడి స్థానంలోకి వచ్చాడు. పోషకుడికి ఉండే మాట చెల్లుబడి మాత్రం అతడికి రాలేదు. మునగాల రాజాకు లక్ష్మణరావును పిలిచి మాట్లాడే చనువు ఉంది. చందాదారుకు తపాలా ఉంది.

ఆ తపాలా అందరికీ ఒకటి కాదు. 1908లో మండలి మద్రాసు చేరడం అచ్చుయంత్రాల దృష్ట్యా, రచయితల దృష్ట్యా, పాఠకుల సంఖ్య దృష్ట్యా సరైన నిర్ణయమే. అయితే ఆ నిర్ణయం ఎవరికి ఏ భారం మోపిందో లెక్కగట్టే వేదిక లేదు. నేటి జగిత్యాల జిల్లాలోని కొడిమ్యాల వంటి ఊరిని తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. 1905లో ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లాగా మారింది. ఆ ప్రాంతంలో కచేరీ భాష ఉర్దూ. జిల్లాకు అప్పటికి రైలు రాలేదు. నిజాం రాజ్యానికి తన తపాలా వేరు, తన నాణెం వేరు. అక్కడ చలామణీలో ఉన్న హాలీ సిక్కా రూపాయి విలువ బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయి కంటే తక్కువ. హైదరాబాదులో ఉన్న మండలికి అక్కడి పాఠకుడు తన నాణెంతో చందా కట్టగలడు. మద్రాసులోని మండలికి కల్దారు లెక్కన కట్టాలి, రెండు తపాలాల పొలిమేర దాటించి పుస్తకం తెప్పించుకోవాలి. అంటే ఒకే పుస్తకం బెజవాడ చందాదారు కంటే కొడిమ్యాల చందాదారుకు ఎక్కువ ఖరీదు. సభ్యుల సమావేశం అన్నది ఒకటి ఉండి, ఆ సమావేశంలో కరీంనగరు వైపు మనిషి ఒక్కడు ఉండి ఉంటే, హైదరాబాదులో ఒక విక్రయశాఖ గురించో, హాలీ సిక్కాలో చందా గురించో ఒక తీర్మానమైనా ప్రతిపాదించి ఉండేవాడు. తెలంగాణలో పుట్టిన సంస్థకు తెలంగాణ పాఠకుడు రెండేళ్లలో దూరపు బంధువైన తీరును రాజకీయ కారణాలతోనే వివరించడం పరిపాటి. ఇంత మామూలు లెక్కలూ అందులో ఉన్నాయి.

సంపాదక కేంద్రిత నిర్వహణకు అసలైన పరీక్ష ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం దగ్గర వచ్చింది. మండలి అనుభవంతో, మండలిని మించిన సాహసంతో లక్ష్మణరావు ఈ పనికి దిగారు. వెలువడిన సంపుటాల్లోని వ్యాసాల విస్తృతి, ప్రమాణం ఇప్పటికీ అబ్బురపరుస్తాయి. పని అకారాది తొలి అక్షరాల దగ్గరే ఆగింది. 1923లో ఆయన మరణించారు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు దానిని చేపట్టి కొంత ముందుకు తీసుకువెళ్లారు. అదీ ఒక వ్యక్తి ఔదార్యంతోనే. లక్ష్మణరావు చదువుకున్న నాగపూరులోనే మరాఠీ జ్ఞానకోశానికి శ్రీధర వెంకటేశ కేత్కర్ పూనుకున్నారు. కేత్కర్ కూడా ఒంటి మనిషే, పట్టుదలగల మనిషే. కాని ఆయన జ్ఞానకోశ మండళాన్ని వాటాదారుల లిమిటెడు కంపెనీగా కట్టారు. లెక్కలు చూపవలసిన బాధ్యత, వాటా పెట్టినవారికి జవాబు చెప్పవలసిన నిర్బంధం ఆ పనికి ఊపిరి పోశాయి. 1920ల చివరికి 23 సంపుటాలు పూర్తయ్యాయి. ఇద్దరి విద్వత్తునూ తూచి లక్ష్మణరావును తక్కువ చేయడానికి ఆస్కారం లేదు. మండళం అన్న మాట పక్కన లిమిటెడు అన్న మాట చేరడంలోనే తేడా అంతా ఉంది.

నియమావళితో నడిచిన తెలుగు సంస్థ అసలు లేదా అంటే ఉంది. ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు సభ్యులున్నారు, సభలున్నాయి, పత్రిక ఉంది. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో ఆ యంత్రాంగమంతా గ్రాంథిక భాషకు కోటగోడ అయింది. గిడుగు రామమూర్తి ఆ గోడకు ఎదురునిలిచి ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. తీర్మానాల బలంతో భాషను కట్టివేయడానికి చేసిన ఆ ప్రయత్నాన్ని చూస్తే లక్ష్మణరావు వంటి విశాల హృదయుడి ఏకఛత్రాధిపత్యమే మేలనిపిస్తుంది. రాయల్ సొసైటీ అయర్టన్‌కు చేసినదీ, పరిషత్తు వ్యావహారికానికి చేసినదీ ఒకే తరగతికి చెందిన తప్పులు. అయితే ఈ తప్పులకు ఒక లక్షణం ఉంది. అవి కాగితం మీద ఉంటాయి. కాబట్టి ఎదిరించడానికి వీలుంటుంది. గిడుగుకు ప్రత్యర్థి కళ్లముందు ఉన్నాడు. మండలిలో ‘పదార్థ విజ్ఞానం’ మీద అభ్యంతరం ఉన్న ఉపాధ్యాయుడికి ఎదిరించడానికి ఎవరూ లేరు. ఉన్నది గౌరవించదగిన సంపాదకుడు.

1968లో ప్రభుత్వం తెలుగు అకాడమీని స్థాపించిన తరువాత పారిభాషిక పదాలకు సంఘాలు వచ్చాయి, విషయ నిపుణులు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు, పదకోశాలు శాస్త్రాలవారీగా వెలువడ్డాయి. మండలికి లేనిది అకాడమీకి సమకూరింది. అకాడమీకి లేనిది మండలికి ఉండేది: ఏ పరీక్షా రాయవలసిన అవసరం లేకుండా, జీవశాస్త్రం తెలుసుకోవాలన్న కోరికతోనే, మరో రాజ్యపు నాణెం మార్పించి డబ్బు పంపడానికి సిద్ధపడిన చందాదారు.